తగ్గిన నష్టం ఆర్జన కాదు

ఒకే నేలలో పంటలను మార్చి మార్చి వేసే పంట మార్పిడితో గాలిలోని కర్బనం నేలలో చేరుతుందంటూ, ఆ పేరిట కార్బన్ క్రెడిట్లు (కొన్న సంస్థ తన పొగ లెక్కలో తగ్గించి చూపుకునే పత్రాలు) అమ్మే పథకాలు, అక్కడక్కడ తీసిన కొద్దిపాటి మట్టి నమూనాలను, మిగతా ఖాళీలను పూరించే కంప్యూటర్ అంచనాలను ఆధారంగా చూపి, కర్మాగారాల పొగకు చెల్లుచీటీలు రాసిస్తున్నాయి. ఈ లెక్కను ఇప్పుడే నిలదీయకపోతే రేపు ప్రతి రంగమూ ఇదే లెక్కను అడుగుతుంది.

మార్పిడి మేలు చేయదని మేము అనడం లేదు. పప్పుజాతి పంట గాలిలోని నత్రజనిని నేలకు అందిస్తుంది. వేర్ల రకాలూ లోతులూ మారడంతో సూక్ష్మజీవులకు ఎక్కువ కాలం మేత దొరుకుతుంది. అవి చనిపోయి వదిలిన కర్బన పదార్థం బంకమట్టి రేణువులను అంటిపెట్టుకుని ఏళ్ల తరబడి నిలుస్తుంది. 122 అధ్యయనాలను క్రోడీకరించిన 2014 నాటి విశ్లేషణలో, ఏకపంటకు మరో పంటను జోడించిన చోట నేల కర్బనం సగటున 3.6 శాతం, ఆ వరుసలో నేలను కప్పి ఉంచే పంట కూడా ఉన్నచోట 8.5 శాతం అధికంగా తేలింది. నేలను బీడుగా వదిలేసే ఏడాదిని కూడా మార్పిడిగా చూపేవారికి ఈ అంకెలు వర్తించవు.

అధికం సరే, దేనికంటే? ఏకపంట కంటే మాత్రమే. అమెరికాలోని ఇల్లినాయ్‌లో 1876 నుంచి సాగుతున్న మారో మడులు అనే ప్రయోగ క్షేత్రంలో, ఏటా మొక్కజొన్నే వేసిన మడి కంటే మార్పిడి మడిలో కర్బనం ఎక్కువే ఉన్నది. కానీ దున్నకముందు గడ్డినేలగా ఉన్నప్పటి స్థాయితో పోలిస్తే రెండూ తరిగినవే. అంటే మార్పిడి మడి గాలి నుంచి కొత్తగా కూడబెట్టిందేమీ లేదు, పొరుగు మడి కంటే తక్కువ పోగొట్టుకున్నది. తగ్గిన నష్టాన్ని ఆర్జనగా జమకట్టడమే ఈ పథకాల అసలు దోషం.

డబ్బు రాకపోతే రైతు పద్ధతి మార్చుకోడని, లోతుగా కొలవడం ఖర్చుతో కూడిన పని అని సమర్థకులు అంటున్నారు. రెండూ నిజాలే కావచ్చు, వాటితో తప్పుడు పద్దు ఒప్పు కాదు. తరచూ పై 30 సెంటీమీటర్లతోనే కొలత ఆపేస్తారు. అడుగున కర్బనం తరిగినా పద్దులోకి రాదు. నేలలో చేరిన కర్బనం కొన్ని దశాబ్దాలకు కొత్త సమతౌల్యానికి వచ్చి పెరగడం ఆగిపోతుంది. కౌలుదారు మారి తిరిగి ఏకపంటకు మళ్లితే అదీ కరిగిపోతుంది. బొగ్గు కాల్చి వదిలిన వాయువు ప్రభావం మాత్రం శతాబ్దాలు వెంటాడుతుంది. ఈ రెండింటినీ సమానమని ఒకసారి అంగీకరిస్తే, జరగని నష్టాన్నల్లా ఆర్జనగా అమ్ముకునే హక్కు అందరికీ ఇచ్చినట్లే.

క్రెడిట్లు జారీ చేసేవారు ముందూ తరువాతా మీటరు లోతు వరకు నేల కర్బనాన్ని కొలిచి, ఫలితాలను బయట పెట్టాలి. కొనే సంస్థలు రైతుకు సాయపడదలిస్తే నేరుగా డబ్బు ఇవ్వవచ్చు, ఎవరూ వద్దనరు. ఆ సాయాన్ని తమ పొగగొట్టాల పద్దులో చెల్లుగా రాసుకునే తెలివి మాత్రం మానుకోవాలి.