రిమోట్ స్టేషన్‌కు మన వీయూ (ఇండియా హామ్ రేడియో) లైసెన్సు చాలదు

హామ్‌ల (సరదాగా రేడియోలో మాట్లాడుకునే లైసెన్సుదారుల) గ్రూపుల్లో ఒక మాట తెగ తిరుగుతోంది: "అమెరికాలోని రిమోట్ స్టేషన్‌ను ఇంటర్నెట్‌లో నడపడానికి ఇండియా లైసెన్సు చాలు. మనం కూర్చునేది విజయవాడలో, కాబట్టి ఇక్కడి రూల్సే. కాల్‌సైన్ (లైసెన్సుతో వచ్చే రేడియో పేరు) ముందు డబ్ల్యూ5 (టెక్సాస్ వైపు ప్రాంతపు గుర్తు) తగిలిస్తే సరి." కొత్తగా లైసెన్సు తెచ్చుకున్న కుర్రాళ్లు ఇది నమ్మేస్తున్నారు. ఇది తప్పు.

విజయవాడలో మీరు పీటీటీ (మాట్లాడే బటన్) నొక్కితే ఇక్కడి నుంచి వెళ్లేది ఇంటర్నెట్ డేటా మాత్రమే. రేడియో తరంగం పుట్టేది టెక్సాస్‌లోని యాంటెన్నా దగ్గర. పక్కింటి టీవీలో గరగర వస్తే అక్కడే వస్తుంది, జవాబు చెప్పాల్సిందీ అక్కడి రేడియో నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీకే. అందుకే ట్రాన్స్‌మిటర్ ఏ దేశంలో ఉంటే ఆ దేశపు రూల్సు పాటించాలి. ఉదాహరణకు 20 మీటర్ల బ్యాండ్ (14 మెగాహెర్ట్జ్ దగ్గరి ఫ్రీక్వెన్సీలు) చూడండి. 14.150 మెగాహెర్ట్జ్ కింద వాయిస్ మాట్లాడటం ఆసియాలో మామూలే. అమెరికాలో మాత్రం వాయిస్ 14.150 నుంచి మొదలవుతుంది, అదీ అక్కడి లైసెన్సుల్లో పైమెట్టయిన ఎక్స్‌ట్రా క్లాసు వాళ్లకు. దానికంటే కింది జనరల్ క్లాసుకు 14.225 నుంచే. ఇక్కడి అలవాటుతో 14.130లో సీక్యూ (ఎవరైనా పలకండన్న పిలుపు) పిలిస్తే అక్కడి స్టేషన్ రూలు తప్పినట్టే. కంట్రోల్ లింకు చెడిపోతే 3 నిమిషాలకు మించి ట్రాన్స్‌మిషన్ సాగకుండా ఏర్పాటు ఉండాలని కూడా అక్కడి హామ్ రూల్సు, అంటే పార్ట్ 97, చెబుతోంది.

"మరి రెండు దేశాల మధ్య రెసిప్రోకల్ ఒప్పందం (ఒకరి లైసెన్సును ఇంకొకరు ఒప్పుకోవడం) ఉందిగా?" ఉంది. అది అమెరికా వెళ్లి, అక్కడి నేల మీద నుంచి మాట్లాడేవాళ్ల కోసం. డబ్ల్యూ5 తగిలించుకునేదీ వాళ్లే. దేశం బయట కూర్చుని అమెరికా స్టేషన్‌ను నడపాలంటే అమెరికా లైసెన్సే కావాలి. అక్కడి జనరల్ పరీక్షలో ఇది నేరుగా ఒక ప్రశ్న. యూరప్ సెప్ట్ లైసెన్సుదీ (పలు దేశాల్లో చెల్లే హామ్ లైసెన్సు) ఇదే సంగతి, ఆపరేటర్ ఆ దేశంలో ఉంటేనే చెల్లుతుంది.

ఎకోలింక్‌ను (హామ్‌లను ఇంటర్నెట్‌తో కలిపే సాఫ్ట్‌వేర్) చూపించి వాదించేవాళ్లున్నారు. ఎకోలింక్‌లో అవతలి నోడ్‌కు (ఇంటర్నెట్‌కు కలిపిన రేడియోకు) బాధ్యుడైన లైసెన్సుదారు వేరే ఉంటాడు. రిమోట్ స్టేషన్‌లో ఫ్రీక్వెన్సీ, పవర్, యాంటెన్నా దిక్కు అన్నీ మీ చేతిలోనే, కంట్రోల్ ఆపరేటర్ (ట్రాన్స్‌మిషన్‌కు బాధ్యుడు) మీరే. రెండూ ఒకటి కావు.

వినడం వరకే అయితే ఈ చిక్కేదీ లేదు, వెబ్ ఎస్‌డీఆర్ (బ్రౌజర్‌లో వినే రేడియో రిసీవర్) తెరిచి హాయిగా వినొచ్చు. మాట్లాడాలనుంటే అమెరికా పరీక్ష రాయండి. విదేశీ ప్రభుత్వ ప్రతినిధులు తప్ప ఏ దేశం వాళ్లయినా రాయొచ్చు, ఆన్‌లైన్‌లోనూ పెడుతున్నారు. అమెరికాలో మీకు ఉత్తరాలు అందే చిరునామా ఒకటి కావాలి, ఎఫ్‌సీసీ ఫీజు 35 డాలర్లు. హెచ్‌ఎఫ్ (20 మీటర్ల లాంటి దూర ప్రయాణపు బ్యాండ్లు) కావాలంటే మొదటి మెట్టయిన టెక్నీషియన్‌తో ఆగకుండా జనరల్ దాకా వెళ్లండి. ఆ కాల్‌సైన్ చేతికొచ్చాక విజయవాడ నుంచి టెక్సాస్ స్టేషన్ నడిపినా ముందు డబ్ల్యూ5 లాంటి గుర్తేదీ తగిలించనక్కర్లేదు.