మురుగునీటి నేస్తం బ్లేడ్ జిగ్ గారికి

చేపల గాలానికి కట్టే రేకు ఎర, మహారాజశ్రీ బ్లేడ్ జిగ్ గారి సముఖానికి, బెంగళూరు హొరమావు నుంచి గాలం పిచ్చి ఉన్న ఒక తెలుగువాడు నమస్కరించి రాయునది ఏమనగా,

ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం అని రాయడం ఆనవాయితీ కాబట్టి రాస్తున్నాను. చెరువులు క్షేమం అని మాత్రం రాయలేను. అయినా అది మీకు శుభవార్తే కదా. నీళ్లు ఎంత చెడితే మీ గిరాకీ అంత పెరుగుతుంది. మీ డబ్బా మీద ‘మసక నీళ్లకు ప్రత్యేకం’ అని చదివినప్పుడల్లా, మా ఊరిని చూశాకే ఈ ముక్క రాయించారేమో అనిపిస్తుంది.

కానీ మీరు పుట్టింది అమెరికాలోని దక్షిణ కరోలినాలో, రాన్ డేవిస్ అనే ఆయన చేతిలో. 2006లో ఫ్లోరిడాలోని ఓకీచోబీ సరస్సులో బ్రయాన్ థ్రిఫ్ట్ అనే ఆటగాడు మిమ్మల్ని దారానికి కట్టి చేపల పోటీ గెలిచాక మీ దశ తిరిగింది. గడ్డి నిండిన, లోతు తక్కువ సరస్సు అది. గాలి వీస్తే చాలు, అడుగు బురద పైకి లేస్తుంది. అదీ మీరు చూసిన మసక.

మీ విద్యను తక్కువ చేయను. చూడ్డానికి ఏముంది, సీసం తల, దానికో కొక్కెం, కొక్కేనికి సిలికాన్ కుచ్చు, తల ముందు వేలాడే ఆరు మూలల రేకు. రీలు తిప్పగానే నీళ్లు ఆ రేకును ఓసారి ఇటు, ఓసారి అటు నెడతాయి. అది వెళ్లి తలకు కొట్టుకుంటుంది. టకటకటక. ఆ అదురు దారం వెంట, కర్ర వెంట పాకి మోచేతి దాకా వస్తుంది. చేప ఒంటికి రెండు పక్కలా తల నుంచి తోక దాకా ఒక గీత ఉంటుంది. దగ్గర్లో నీళ్లు కదిలితే కంటితో పని లేకుండానే ఆ గీతకు తెలిసిపోతుంది. మీరు పలకరించేది ఆ గీతనే.

మీ మోత కన్నా నాకు నచ్చేది మీ మోత ఆగిపోవడం. అదురుతూ వస్తున్న కర్ర ఉన్నట్టుండి చప్పబడిందంటే, అయితే రేకుకు నాచు చుట్టుకుంది, లేదా చేప వెనక నుంచి వచ్చి నోట కరుచుకుంది. ఏది జరిగిందో తేల్చుకునే ఆ ఒక్క క్షణం టెన్షన్ కోసమే చాలామంది మిమ్మల్ని కొంటారని నా అనుమానం. కర్ర మరీ బిరుసైతే పని చెడేది ఇక్కడే, చేప ఇంకా నోరు మూయకముందే లాగేస్తాం. అందుకే తెలిసినవాళ్లు గ్లాస్ ఫైబర్ కలిసిన, కాస్త వంగే కర్ర పట్టుకుంటారు.

మసక నీళ్లలో మిమ్మల్ని పరుగెత్తించకూడదు. చేప మీ చప్పుడు పసిగట్టి, వెతుక్కుంటూ వచ్చి చేరే దాకా టైం ఇవ్వాలి. 14 గ్రాముల జిగ్‌కు వెనకాల కాస్త లావుపాటి రబ్బరు చేప తగిలిస్తే, మెల్లగా లాగినా మీరు అడుక్కి జారిపోరు. నడి చెరువులోకి గొప్పగా విసరడం వీడియోలకు బాగుంటుంది గానీ, నీళ్లు కలక బారినప్పుడు చేపలు తుంగ దుబ్బుల పక్కకు, రాళ్ల పక్కకు, గట్టు వారకు చేరతాయి. మిమ్మల్ని వాటికి ఒరుసుకుంటూ తీసుకుపోవాలి. ఇక రంగు. నీళ్లు చీకటయ్యేకొద్దీ ఎర కూడా నల్లబడాలి. నలుపూ నీలమూ కలిసిన కుచ్చయితే పైనుంచి వచ్చే కాస్త వెలుతురుకు అడ్డంగా నిలిచి, కింద ఉన్న చేపకు స్పష్టంగా తెలుస్తుంది. పెళ్లికొచ్చినట్టు మెరిసే రంగులన్నీ కొనుక్కుని తిరిగే మావాళ్లకు ఈ మాట ఎక్కదు.

ఇదంతా బురద గురించి అయ్యగారూ. బురద నిజాయితీగల పదార్థం. వానకు ఎర్రమట్టి కొట్టుకొచ్చి చెరువు చారు రంగులోకి తిరుగుతుంది, వాన వెలిశాక మట్టి మెల్లగా అడుక్కి దిగుతుంది, నీళ్లు తేరుకుంటాయి. మాది ఆ రకం కాదు. ఈ ఊరికి చెప్పుకోదగ్గ నది లేదు. పెద్దలు వాగులకు కట్టలు వేసి, పై చెరువు నిండితే అలుగు పారి కింది చెరువులో పడేలా గొలుసులు అల్లారు. ఆ గొలుసుల్లో మిగిలినవి ఈనాటికీ పారుతూనే ఉన్నాయి, కాకపోతే పారేది మురుగు. దాదాపు 900 ఎకరాల బెళ్లందూరు చెరువు 2015లో సబ్బు నురగ కక్కింది, ఆ నురగ గాలికి లేచి బళ్ల మీద, మనుషుల మీద పడింది. 2017 ఫిబ్రవరిలో ఆ చెరువులో మంటలు లేచాయి. 2018 జనవరిలో మళ్లీ లేస్తే ఆర్పడానికి ఆర్మీ జవాన్లు దిగారు. మండింది పైనున్న గడ్డీ చెత్తా అనే అనుకుందాం. చెరువుకు ఫైరింజన్ వచ్చిన ఊళ్లో మీరు ఏ లోతున ఈదాలో మీ డబ్బా మీద రాయలేదు. అంతకుముందు 2016 మార్చిలో అల్సూరు చెరువులో చేపలు గుట్టలుగా చచ్చి తేలాయి. చచ్చిన చేప మీ టకటకకు తిరిగి చూడదు, ఎంత మెల్లగా లాగినా సరే.

ఈ నీళ్లలోనూ బతికేవి ఉన్నాయి. 2000లోనే నిషేధించిన ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ హాయిగా ఉంది, ఆ జీవో దానికి అందినట్టు లేదు. మన కొరమీను సంగతి వేరే. మృగశిర కార్తెకు హైదరాబాద్‌లో మనుషుల గొంతులోకి దిగేది దాని పిల్లే, తెలంగాణ రాష్ట్ర చేప కూడా అదే. నీళ్లలో ప్రాణవాయువు చాలకపోతే పైకొచ్చి గాలి గుటక వేసి పోతుంది. మీరు దాని ముందు తేలిపోతారు. అది ఉండేది గుర్రపుడెక్క కింద, మీ కొక్కెమేమో తెరిచి ఉంటుంది. రెండు మూరలు లాగేసరికి చెరువులో సగం కలుపు మీ మెడలో దండ. అక్కడ ఆకుల మీద గెంతే రబ్బరు కప్పే మొనగాడు. మీకు మిగిలింది డెక్క అంచు వెంట నడిచే సందు ఒక్కటే. చవగ్గా దొరికే ఎరల పక్కన కూర్చుని, అసలు కంపెనీ సరుకైతే వాటికి ఎన్నో రెట్లు ధర పలికే మీకు ఈ మాట నేను చెప్పాల్సి రావడం బాగోలేదు.

బెంగళూరు మురుగును శుద్ధి చేసి కోలారు చెరువులకు పంపే కేసీ వ్యాలీ పథకం 2018లో మొదలైంది. తొలి నెలల్లోనే లక్ష్మీసాగర చెరువులో నురగ లేచింది. ఎండి నెర్రెలిచ్చిన చెరువుల్లో నీళ్లు కనపడ్డాయన్నదీ నిజమే, కాదనను. అలాంటి ఒక గట్టు మీద మిమ్మల్ని ఈదిస్తుంటే పక్కన ఓ పెద్దాయన వెదురు గడకు ఎర్రలు గుచ్చి కూర్చున్నాడు. పాత హవాయి చెప్పు ముక్క ఆయన బెండు. కోలారు తెలుగులో అడిగాడు: “ఏం సామీ, అది నీళ్లలో అట్ల కొట్టుకుంటాంటే చేపలు వస్తాయా, పోతాయా? మా తాత చేపలు పట్టేటప్పుడు నన్ను దగ్గనిచ్చేవాడు కాదు.”

పక్క గీత సంగతి, అదురు సంగతి ఆయనకు వివరంగా చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. నేను చెబుతుండగానే ఇక్కడివాళ్లు జిలేబి అనే తిలాపియాను రెండుసార్లు పైకి లాగి బుట్టలో వేశాడు. మీ గౌరవం కోసం ఆ బుట్ట వైపు చూడలేదు.

కాబట్టి మనవి. మీ కంపెనీవాళ్లు ఈసారి డబ్బా అచ్చు వేయించేటప్పుడు ‘మసక నీళ్లు’ అని ఒక్క ముక్కతో వదిలేయకుండా ఏ మసకో వివరంగా రాయించండి. వాన మట్టికి ఒక జిగ్, పాచికి ఒకటి, అపార్ట్‌మెంట్ డ్రైనేజీకి ఒకటి, డిటర్జెంట్‌కి ఒకటి. నురగ మీద మునగకుండా తేలేది ఉంటే దానికి బెళ్లందూరు మోడల్ అని పేరు పెట్టండి, అభ్యంతరం లేదు. మండే చెరువుల కోసం చేసేదానికి మాత్రం ఆ సిలికాన్ కుచ్చు బదులు ఇంకేదైనా కట్టండి, అది మాడిపోతుంది.

ఇట్లు,
తమ రేకుకు చుట్టుకున్న సంచీలు, షాంపూ ప్యాకెట్లు విడదీస్తూ,
హొరమావు నుంచి ఒక ఖాతాదారుడు