స్టోయ్‌కోవిచ్‌ది పేరు బలం మాత్రమేనా?
సెర్బియాకు చెందిన మాజీ ఫుట్‌బాల్ ఆటగాడు డ్రాగన్ స్టోయ్‌కోవిచ్ కోచ్‌గా నెగ్గుకొచ్చింది ఆటగాడిగా సంపాదించిన పేరు మీదనేనని ఆయనపై వచ్చిన వ్యాసంలో వ్యాసకర్త అన్న మాటతో నేను ఏకీభవించలేను. పేరు వల్ల అవకాశం దొరికి ఉండవచ్చు గాని, 2008లో జపాన్ క్లబ్బు నగోయా గ్రాంపస్ పగ్గాలు చేపట్టి, 2010లో ఆ క్లబ్బుకు మొట్టమొదటి జె లీగ్ (జపాన్ అగ్రశ్రేణి ఫుట్‌బాల్ లీగ్) టైటిల్ సాధించిపెట్టడానికి పేరొక్కటే చాలదు. అదే క్లబ్బులో ఫ్రెంచ్ కోచ్ ఆర్సెన్ వెంగర్ శిక్షణలో ఆడి, 1995లో లీగ్ ఉత్తమ ఆటగాడిగా నిలిచిన రోజుల్లో ఆయన గమనించి నేర్చుకున్నది ఇందులో చాలా ఉందని నా అభిప్రాయం. జనానికి గుర్తున్నది మాత్రం 2009లో యొకొహామాతో జరిగిన మ్యాచే: సూటూ తోలు బూట్లతో గీత అవతల నిలబడి, బయటికి వస్తున్న బంతిని గాలిలోనే తన్ని ఎక్కడో దూరాన ఉన్న గోల్‌లో వేసి, రెడ్ కార్డు అందుకున్నారు (ఆ వీడియో ఎన్నిసార్లు చూశానో నాకే లెక్క లేదు). ఆయన తర్వాత కోచ్‌గా పనిచేసిన సెర్బియా జాతీయ జట్టు విషయంలో వ్యాసకర్త విమర్శ కొంతవరకు న్యాయమే. 2021 నవంబరులో లిస్బన్‌లో పోర్చుగల్‌ను 2-1తో ఓడించి నేరుగా ప్రపంచ కప్‌కు అర్హత సాధించిన ఆ జట్టే, ఏడాది తర్వాత ఖతార్‌లో కామెరూన్‌పై 3-1 ఆధిక్యంలో ఉండి, రక్షణ శ్రేణిని మరీ ముందుకు వదిలేసి, మూడు నిమిషాల వ్యవధిలో రెండు గోల్స్ సమర్పించుకుంది.