పైపు పెద్దమనిషికి తగిన నిప్పు

పొగాకు విషయంలో గుంటూరుకు ఎవరూ పాఠాలు చెప్పనక్కర లేదు. కేంద్ర ప్రభుత్వం 1975లో చట్టం చేసి, 1976 జనవరి 1 నుంచి పొగాకు బోర్డును నెలకొల్పి, దాని ప్రధాన కార్యాలయాన్ని తెచ్చి ఈ ఊళ్లోనే పెట్టింది. ఎవరు ఎంత పంట వేయాలి, పచ్చి ఆకును వేడితో ఆరబెట్టే బ్యారన్‌లో ఎలా కాల్చాలి, వేలంలో ఏ గ్రేడు ఆకు ఏ ధర పలికింది అనే విషయాలను కనిపెట్టుకుని ఉండడానికి ఇంత యంత్రాంగం ఉన్నప్పటికీ, ఆ ఆకును చివరికి దేనితో ముట్టించాలి అనే మౌలికమైన ప్రశ్నను మాత్రం ఇంతవరకు ఎవరూ తలకెత్తుకోలేదు. సిగరెట్టు, బీడీ, చుట్ట తాగేవారికి ఈ లోటు తెలియదు. వారికి నిప్పు దొరికితే చాలు. బ్రాడీపేటలోనో లక్ష్మీపురంలోనో మేడమీద కూర్చుని పైపు తాగే పెద్దమనిషికి మాత్రం తన హోదాకు తగిన నిప్పు కావాలి. సంఖ్యాబలం లేని ఈ వర్గం తరఫున మాట్లాడే నాయకుడు లేనందువల్ల, ఆ బాధ్యతను నేను స్వీకరిస్తున్నాను.

పైపు గురించి తెలియని వారు దానిని పొగ తాగే సాధనం అనుకుంటారు. అది నిజానికి ఆరిపోయే సాధనం. గిన్నెలో పొగాకును అడుగున వదులుగా, పైన కాస్త బిగువుగా నింపి మొదటిసారి ముట్టిస్తే, పై ఆకు మాడి, ఉబ్బి, పైకి లేస్తుంది. దానిని చిన్న లోహపు కడ్డీతో మెల్లగా అదిమి రెండోసారి ముట్టించాలి. అప్పుడు రాజుకుంటుంది. పెద్దమనిషి నాలుగు పీల్పులు పీల్చి, దేశ రాజకీయాల మీద ఒక అభిప్రాయం చెప్పడానికి నోరు తెరిచేసరికి ఆరిపోతుంది. మళ్లీ అదమాలి, మళ్లీ ముట్టించాలి. పైపు సేవనం అని మనం గౌరవంగా పిలుచుకునే ఈ కార్యక్రమంలో పొగ పాలు ఎంత, నిప్పు పాలు ఎంత అని నిష్పక్షపాతంగా లెక్క వేస్తే, లైటరే ప్రధానమని, పైపు దానికి ఉపకరణం మాత్రమేనని తేలుతుంది.

ఇందులో ఇంకొక చిక్కు ఉంది. మంట స్వభావం పైకి ఎగయడం. పైపు గిన్నె నోరు కూడా పైకే తెరుచుకుని ఉంటుంది. అందువల్ల మామూలు లైటరును గిన్నె మీదికి వంచితే, ఆ మంట పొగాకును వదిలి, లైటరును పట్టుకున్న బొటనవేలినే ముందుగా పలకరిస్తుంది. ఎదురుగా చివర ఉండే సిగరెట్టుకు ఈ ఇబ్బంది లేదు. సృష్టికర్త సిగరెట్టు పక్షపాతి అయి ఉండవచ్చు.

ఇక వంశం సంగతి. లైటరు నిన్నగాక మొన్న వచ్చిన ఫ్యాషన్ అని, అగ్గిపుల్లే సనాతనమని కొందరు వాదిస్తారు. జర్మనీలో డోబరైనర్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు జింకు మీద ఆమ్లం చర్య వల్ల పుట్టిన హైడ్రోజన్ వాయువును ప్లాటినం మీదికి వదిలి నిప్పు పుట్టించింది 1823లో. ఇంగ్లండులో జాన్ వాకర్ గీస్తే వెలిగే అగ్గిపుల్లలను అమ్మడం మొదలుపెట్టింది 1827లో. కాబట్టి వయసులో లైటరే పెద్దది. పెద్దరికానికి విలువ ఇచ్చే మన ప్రాంతంలో ఈ ఒక్క సంగతితో వాదం ముగిసిపోవాలి.

అయినా అగ్గిపుల్లకు న్యాయం చేయకపోతే బాగుండదు. శివకాశి అగ్గిపెట్టె ధర 2021 డిసెంబరు 1న రూపాయి నుంచి రెండు రూపాయలయింది. పైపు తాగేవారి బడ్జెట్టును ఈ పెంపు పెద్దగా కుదిపి ఉండదు. పుల్ల గీసిన తరువాత తలలోని మందు పూర్తిగా కాలిపోయేదాకా ఆగి, కర్ర మంటను మాత్రమే గిన్నె దగ్గరకు తీసుకువెళ్లాలి. లేకపోతే మొదటి పీల్పులో దీపావళి రుచి తగులుతుంది. ఆ రెండు క్షణాల నిరీక్షణ వల్లనే అగ్గిపుల్ల గుంటూరులో పనికిరాకుండా పోయింది, ఎందుకంటే మే నెల మధ్యాహ్నం అంతసేపు ఫ్యాను కట్టేయమని ఇంట్లో వారిని అడగగల మగవాడు ఈ జిల్లాలో ఇంకా పుట్టలేదు.

ఫ్యాను బాధ పడలేక కిళ్ళీ కొట్టును ఆశ్రయించిన వారిని చూశాను. కొట్టు పక్కన మేకుకు కట్టిన కొబ్బరి తాడు కింది కొస ఎర్రగా రగులుతూ, బూడిదను చిన్న చిన్న పొరలుగా రాలుస్తూ ఉంటుంది. సిగరెట్టు తాగే కుర్రవాడు వచ్చి, తల కొద్దిగా వంచి, ఒక్క పీల్పుతో పని ముగించుకుని వెళ్లిపోతాడు. పైపు పెద్దమనిషి ఆ తాడును గిన్నెలోకి దించలేక, గిన్నెను తాడుకు తలకిందులుగా పట్టలేక, చొక్కా మీద రాలిన పొగాకును ఒక చేత్తో దులుపుకుంటూ నిలబడితే, కొట్టు యజమాని సున్నం రాస్తున్న ఆకు మీది నుంచి చూపు తిప్పకుండానే, "బాబాయ్ గారూ, మీరు పక్కకి జరగండి, వెనకాల జనం ఆగారు" అంటాడు. హోదాకు ఇంతకు మించిన భంగం ఉండదు. తాతల తరం వారు పొయ్యిలో నుంచి నిప్పుకణికను రెండు వేళ్లతో తీసి చుట్టకు తగిలించుకునేవారు గానీ, అటువంటి వేళ్లు ఇప్పుడు తయారు కావడం లేదు.

ఇక అంగడిలో దొరికే వాటిలో జెట్ లైటరును మొదటే తోసిపుచ్చుతున్నాను. వెయ్యి డిగ్రీలు దాటిన నీలి మంటను బుస్సుమంటూ ఊదే ఆ యంత్రం, మధ్యధరా తీరపు బ్రయర్ అనే పొద వేరుముద్దను చెక్కి చేసిన గిన్నె అంచును బొగ్గు చేసి వదులుతుంది. వెల్డింగు చేయదలచిన వారికి విజయవాడ ఆటోనగర్‌లో ఇంతకంటే మంచి పరికరాలు దొరుకుతాయి.

అమెరికాలో 1933 నుంచి తయారవుతున్న జిప్పో లైటరు గౌరవప్రదమైనది. పక్కన గుండ్రటి కన్నం ఉన్న పైపు నమూనాను ఆ కంపెనీ 1982లో తెచ్చింది. కన్నాన్ని గిన్నె నోటి మీద పెట్టి పీలిస్తే మంట వినయంగా లోపలికి దిగుతుంది. ప్రకాశం బ్యారేజీ మీద కృష్ణ గాలి ఎంత వీచినా ఆరదు. అయితే ఆ సంస్థ జీవితకాలపు హామీ ఇచ్చింది లైటరుకే గాని, అందులో పోసే ద్రవానికి కాదు. వాడినా వాడకపోయినా ఆ ద్రవం ఆవిరైపోతూనే ఉంటుంది, బెజవాడ ఎండలో మరీ త్వరగా. పైగా మొదటి పీల్పులు పెట్రోలు బంకులో నిలబడి తాగినట్లు ఉంటాయని గిట్టనివారు అంటారు. గిట్టేవారు కూడా అంటారు.

చవక ప్లాస్టిక్ లైటరు మాట ఎత్తనవసరం లేదు. 20 రూపాయల లోపు విలువ గల సిగరెట్ లైటర్ల దిగుమతిని కేంద్రం 2023 జూన్‌లో నిషేధించింది. కారణాలు వాణిజ్య సంబంధమైనవని పత్రికలు రాశాయి గాని, పెద్దమనిషి తరగతి ఆత్మగౌరవానికి లభించిన తొలి ప్రభుత్వ గుర్తింపుగా దీనిని భావించడమే నాకు ఇష్టం.

మిగిలింది జపాను వారి ఓల్డ్ బాయ్. బ్యూటేన్ గ్యాసుతో, చెకుముకి చక్రంతో వెలిగే ఈ లైటరులో మెత్తటి పసుపు మంట ఏటవాలుగా పక్కకు వస్తుంది, పొగాకును అదిమే కడ్డీ దాని ఒడిలోనే ఇమిడి ఉంటుంది. దాని ధర ఇక్కడ రాయను. ఈ వ్యాసం ఇళ్లలో కూడా చదువుతారు. ఒక్క జాగ్రత్త మాత్రం చెప్పాలి. బ్యూటేన్ సున్నాకు అర డిగ్రీ తక్కువలోనే మరిగే పదార్థం కనుక, మే నెలలో కారు డ్యాష్‌బోర్డు మీద దానిని వదిలి భోజనానికి వెళ్లకూడదు. గన్నవరం విమానాశ్రయానికి తీసుకువెళ్లడం ఇంకా అవివేకం, ఎందుకంటే తనిఖీ వద్ద అది ట్రేలోకి వెళుతుంది, మీరు విమానంలోకి వెళతారు.

దీనిని వెలిగించే చోటు గురించి చట్టం కొంత సంకుచితంగా ఆలోచించింది. 2008 అక్టోబరు 2 నుంచి బహిరంగ ప్రదేశాల్లో పొగ తాగితే 200 రూపాయల వరకు జరిమానా. పొగాకు పొట్లం మీద 85 శాతం మేర భయపెట్టే బొమ్మ ఎలాగూ ఉంది, దాని సంగతి నేను వేరే చెప్పనక్కరలేదు. కాబట్టి ఇంత ఖరీదైన మంట ప్రకాశించవలసింది ఇంట్లోనే. ఓల్డ్ బాయ్‌కి ఎదురు లేని పోటీ వచ్చేది సరిగ్గా అక్కడే. పక్కకు వంగి, వేలు కాలకుండా, కుందిలోని వత్తి దాకా చేరే మంట కోసం మన ఇళ్లలోని ఆడవారు తరతరాలుగా ఎదురు చూస్తున్నారు. కార్తీక మాసం మొదటి సాయంత్రమే ఆ లైటరు దేవుడి గది గూటిలోకి చేరుతుంది. స్నానం చేయకుండా దానిని ముట్టుకునే అర్హత పెద్దమనిషి కోల్పోతాడు. ఖాళీ పైపు పట్టుకుని గడప బయట నిలబడిన ఆయనతో ఇల్లాలు నిదానంగానే చెబుతుంది: "ఏమండీ, ఇన్నాళ్లకు ఇంట్లోకి పనికొచ్చేది ఒకటి కొన్నారు. మీ గొట్టానికి వీధి చివర అగ్గిపెట్టె దొరుకుతుంది, వెళ్లేటప్పుడు హారతి కర్పూరం కూడా తీసుకురండి."