ఇంకొక్క రౌండు కోసి ఆపేద్దాం

ఆస్ట్రేలియా గోధుమ రైతుకు జరుగుతున్న అన్యాయంపై తెలుగువాళ్లు ఇన్నాళ్లూ నోరు మెదపకపోవడం శోచనీయం. అక్కడ కోతలు నవంబరు, డిసెంబరు నెలల్లో. మన రోహిణీ కార్తె ఎండలు వాళ్లకు మొదలయ్యేదీ అప్పుడే. ఎండ నలభై దాటి, గాలిలో తేమ పది శాతానికి పడి, ఎడారి మీంచి ఉత్తరపు గాలి కొడుతుంటే గింజ గలగలా రాలుతుంది. కోతకు అంతకన్నా మంచి ముహూర్తం ఏముంది? సరిగ్గా ఆ మధ్యాహ్నమే మిషన్ ఆపమని ఫోనుకు మెసేజ్ వస్తుంది.

పశ్చిమ ఆస్ట్రేలియాలో దీన్ని కోత, వాహన సంచార నిషేధం అంటారు. విధించేది షైరు, అంటే అక్కడి స్థానిక పాలక సంస్థ. అది అమల్లో ఉన్నంతసేపూ సొంత పొలంలో సొంత బండి తిప్పడానికి కూడా వీల్లేదు. ఎందుకయ్యా అంటే, ఎండుగడ్డిలో నడిచిన బండి అడుగున సైలెన్సరుకూ, పొగను శుద్ధి చేసే కెటలిటిక్ కన్వర్టరుకూ గడ్డి చిక్కుకుని అంటుకుంటుందట. అంటుకున్నది గడ్డి, శిక్ష బండికి! ఇక ఆరుబయట నిప్పే ముట్టించొద్దనే సంపూర్ణ అగ్ని నిషేధాన్ని ఉల్లంఘిస్తే 25,000 డాలర్ల దాకా జరిమానా, లేదా ఏడాది జైలు, లేదా రెండూ.

దక్షిణ ఆస్ట్రేలియాలో వ్యవహారం కాస్త శాస్త్రీయం. అక్కడ ఒక అంకె ఉంది: 35. ఎండ, తేమ, గాలి వేగం, గడ్డి ఏ మేరకు ఎండిందన్నది కలిపి లెక్కగట్టే గడ్డి మంటల ప్రమాద సూచిక అది. మెకార్థర్ అనే అటవీ శాస్త్రవేత్త తయారుచేసిన మీటరు దీనికి మూలం. పొలంలో సూచిక 35 దాటితే కోత ఆపాలని అక్కడి నియమావళి. దాటితేనే కదా! కాబట్టి 34 అంటే కోసుకోమని ప్రభుత్వం పిలిచి చెప్పినట్టే. ఆ 34 రాబట్టడం పెద్ద విద్యేమీ కాదు. ఎండ, తేమ, గాలి కొలిచే చేతి మీటరు పట్టుకుని ఆరుబయట, గాలికి ఎదురుగా నిలబడి, పది నిమిషాల సగటు తీయాలని పెద్దలు చెబుతారు. అనుభవజ్ఞుడు మిషన్ చాటుకు వెళ్తాడు. అక్కడ నీడా ఉంటుంది, గాలీ తగలదు. రెండు ఈదర గాలుల మధ్య బటన్ నొక్కి, వచ్చిన అంకెను భక్తితో పుస్తకంలో రాసుకుంటాడు.

ఇంత లెక్కా పత్రం చూసుకున్నా లొంగనిది ఒకటుంది, అది నూగు. కోత మిషన్లో మంటలు ఎక్కువగా పుట్టేది ఇంజన్ గదిలోనే. బాగా వేడెక్కే టర్బో మీద, పొగ బయటికెళ్లే ఎగ్జాస్ట్ మేనిఫోల్డ్ మీద, వైర్ల సందుల్లో సన్నటి పొట్టు మెత్తగా పేరుకుంటుంది. శనగ, మసూర చేలల్లో మరీనూ. ఆ పొట్టు వెంటనే మండదు, ముందు ఎర్రగా రాజుకుంటుంది. ముద్దగా ఊడి ఫ్యాను గాలికి వెనక కొయ్యకాళ్లలో పడుతుంది. డ్రైవరు చూపంతా ముందున్న పైరు మీద. అద్దంలో పొగ కనబడేసరికి నిప్పు గాలితో పోటీ పడుతుంటుంది. మందు? కంప్రెసర్ గాలితోనో, ఆకులు ఊదే బ్లోయరుతోనో రోజుకు నాలుగైదుసార్లు ఊదడం, బేరింగుల వేడిని థర్మామీటరుతో చూడడం. గ్రీజు అయిపోయిన బేరింగు కూడా నిప్పు పుట్టిస్తుంది. కానీ ఊదడానికి మిషన్ ఆపాలి. ఆపితే పావుగంట పోతుంది. పావుగంట పోతే జిల్లా ఏమైపోతుంది?

విక్టోరియా రాష్ట్రపు చట్టం ఇంకా పట్టింపు మనిషి. అగ్నిప్రమాద కాలంలో ట్రాక్టరులో తొమ్మిది లీటర్లకు తగ్గని స్ప్రే పంపు, నీళ్లతో నిండినది, ఉండాలి. పంపు అందరి దగ్గరా ఉంటుంది. నిండినది అన్న మాట దగ్గరే పేచీ. భోజనం ముందు ఆ నీళ్లతో చేతులు కడుక్కోవద్దని చట్టంలో ఎక్కడా లేదు కదా. గ్రైండరు, వెల్డింగు పనికి అడ్డుతెర పెట్టాలి, చుట్టూ మీటరున్నర నేల శుభ్రం చేయాలి లేదా తడపాలి. విరిగిన బ్లేడు మార్చడానికి ఇంత పూజా!

2015 నవంబరు 25న దక్షిణ ఆస్ట్రేలియాలోని పైనరీ దగ్గర పుట్టిన మంట కోతకొచ్చిన చేల మీదుగా 80,000 హెక్టార్లకు పైగా తినేసింది. ఇద్దరు చనిపోయారు. దీన్ని వ్యంగ్యంగా రాయడం నా చేత కాదు.

చివరగా, మెసేజ్ రాగానే బుద్ధిగా ఆపేసే ఉత్తముడి సంగతి. ఇంజన్ ఆగగానే ఫ్యాను ఆగుతుంది, వేడి మాత్రం లోపలే ఉండిపోతుంది. రాజుకుంటున్న ముద్ద తీరిగ్గా పని మొదలుపెడుతుంది. అందుకే దున్నిన నేల మీదో, గడ్డి లేని కళ్లంలోనో నిలిపి, పొట్టు ఊది, అరగంట తర్వాత మళ్లీ వచ్చి చుట్టూ చూడమంటారు. మనవాడు కొయ్యకాళ్ల నడుమే వదిలేసి టీకి వెళ్లాడనుకోండి, ఏ సెక్షను కింద పట్టుకుంటారు? ఇంజన్ ఆగి ఉంది, తాళం జేబులో ఉంది, మెసేజ్ వచ్చిన టైము ఫోనులో ఉంది. చట్టం తన పని తాను చేసుకుపోయింది. పొగ కూడా.