తొంభై తొమ్మిది పైసల అర్థశాస్త్రం

రాజకీయాలకు ఒక పేజీ, సాంకేతికానికి ఒక పేజీ, వాణిజ్యానికి మరొక పేజీ కేటాయిస్తూ మన పత్రికలు కాగితాన్ని వృథాగా దుబారా చేస్తున్నాయని, 2025 వార్తలను కత్తిరించి దాచుకున్న నాబోటి పాఠకుడు విన్నవించుకోక తప్పడం లేదు. మూడు పేజీల్లోనూ ఉన్న వార్త ఒక్కటే: పైస తిరిగి వచ్చింది. పావలా, అంతకు లోపు నాణేలన్నీ 2011 జూన్ 30తో చెల్లకుండా పోయినప్పుడు మనం నీళ్ళు వదిలేసిన ఆ పైసే, ఇప్పుడు రాజలాంఛనాలతో వేంచేసింది.

ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం విశాఖలోని రుషికొండ ఐటీ హిల్ మీద 21.16 ఎకరాలను 99 పైసల ధరకు టీసీఎస్‌కు కేటాయించింది. జూన్‌లో కాగ్నిజెంట్‌కు కాపులుప్పాడలో అదే పైసల లెక్కన 21.31 ఎకరాలు దక్కాయి. అడ్డికి పావుశేరు అని పెద్దలు ఈసడించుకున్న రోజుల్లో కూడా అడ్డికి ఎకరాలు రాలేదు. ఎందుకిచ్చారని నేను అడగను. ఒక్క టీసీఎస్ నుంచే 1,370 కోట్ల పెట్టుబడి, 12,000 ఉద్యోగాలు అన్న జవాబు సిద్ధంగా ఉంది. ఎలా పుచ్చుకున్నారన్నదే నా సందేహం. చెలామణిలో ఉన్న నాణేలలో చిన్నది అర్ధరూపాయి కాబట్టి, కంపెనీ వారు రెండు అర్ధరూపాయలు బల్ల మీద పెడితే, ఒక్క పైస చిల్లర తిరిగి ఇవ్వవలసిన బాధ్యత ప్రభుత్వం మీద పడుతుంది. ఆ పైస ఇచ్చారా, లేక రాష్ట్ర అప్పుల పద్దులో చేర్చారా అన్నది శాసనసభలో ఎవరైనా లేవనెత్తితే బాగుండును. ఇంతకీ ఈ ధర అందరికీ కాదు. ప్రపంచంలోని అతి పెద్ద కంపెనీల జాబితాల్లో పేరుండాలట. అడ్డికి పావుశేరు కొనాలంటే ముందు ఇంటినిండా ధాన్యం ఉండాలన్నమాట.

అక్టోబరులో గూగుల్ అదే విశాఖలో ఐదేళ్ళలో 1,500 కోట్ల డాలర్లతో గిగావాట్ స్థాయిలో కరెంటు తాగే డేటా సెంటర్ పెడతానన్నది. ఎండాకాలంలో పొగలు కక్కే మా వీధి ట్రాన్స్‌ఫార్మర్‌కు ఈ శుభవార్త ఇంకా ఎవరూ చెప్పలేదు. బంగారం సంగతి ఎత్తను. పది గ్రాములు లక్ష దాటిన ఏప్రిల్ నుంచి మా ఇంట్లో అది సంభాషణకు అనువైన విషయం కాదు.

సామాన్యుడి వాటాకు పైస వచ్చింది మాత్రం సెప్టెంబరు 22న. జీఎస్టీలో 12, 28 శాతాల శ్లాబులు దాదాపుగా ఎత్తివేసి, బిస్కెట్ల మీద పన్నును 18 నుంచి 5 శాతానికి దించడంతో, ఐదు రూపాయల ప్యాకెట్ నాలుగు రూపాయల నలభై ఐదు పైసలయింది, రూపాయి చాక్లెట్ 88 పైసలయింది. ఈ పండుగలో పాలుపంచుకుందామని దేవుడి గూట్లో పసుపంటిన అర్ధరూపాయి నాణెం ఒకటి వెతికి పట్టుకొని, నాలుగు రూపాయలకు జతచేసి వీధి చివరి కిరాణా కొట్టుకు వెళ్ళాను. కొట్టాయన నాణెం మీది పిడికిలి బొమ్మను తిప్పి తిప్పి చూసి, ఆ పిడికిలిని నాకే తిరిగి చూపించాడు.

“ఇది తీసుకుంటే నా దగ్గర ఎవడు తీసుకుంటాడు మాస్టారూ? ఫోన్‌లో ఐదు కొట్టేయండి, మిగతాదానికి చాక్లెట్ తీసుకోండి.”

కొట్టాను. సౌండ్ బాక్స్ ఐదు రూపాయలని వీధంతా వినిపించేలా ప్రకటించింది. చాక్లెట్ చప్పరిస్తూ ఇంటికి వచ్చాక లెక్క వేస్తే, ఆయన నాకు ఇవ్వవలసింది 55 పైసలు, ఇచ్చింది 88 పైసల సరుకు. అంటే 33 పైసలు నాకే ఎదురు ఇచ్చాడు. మర్నాడు, ఆ మర్నాడు కూడా ఇదే జరిగింది. మూడు రోజుల్లో ఆ మహానుభావుడు నా మీద వదులుకున్నది సరిగ్గా 99 పైసలు. ఆయన కొట్టు మాత్రం ఎనిమిదడుగుల గది, అదీ అద్దెది.