సవరణ: పాత ఆడి టీటీ గేర్‌బాక్స్ ఆయిల్ గురించి

బెంగళూరులో సెకండ్ హ్యాండ్ ఆడి టీటీ చూస్తున్నవాళ్ల కోసం పోయిన వారం రాస్తూ, రెండో తరం టీటీలో ఎస్-ట్రానిక్ (ఆడి వాళ్ల రెండు క్లచ్‌ల ఆటోమేటిక్) గేర్‌బాక్స్ ఆయిల్ మార్చాల్సిన పనే లేదన్నాను. అది తప్పు. క్షమించండి.

2.0 టీఎఫ్‌ఎస్‌ఐ పెట్రోల్ ఇంజన్‌తో వచ్చిన ఆరు గేర్ల బాక్సులో రెండు క్లచ్‌లూ ఆయిల్‌లో మునిగే తిరుగుతాయి. అరిగిన పొడి అందులోనే కలుస్తుంది. అందుకే సుమారు 60,000 కిలోమీటర్లకోసారి ఆయిల్, ఫిల్టర్ రెండూ మార్చాలి. నేను డ్రై క్లచ్ (ఆయిల్‌లో మునగని క్లచ్) ఉన్న ఏడు గేర్ల బాక్సు సంగతి దీనికి అంటగట్టాను. నిన్న స్నేహితుడి బండికి ఆయిల్ దించుతుంటే పక్కనే నిలబడి చూశాను. డికాషన్‌లా నల్లగా, మాడు వాసనతో వచ్చింది. సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో రోజూ పాకిన బండి మరి.

నా మాట నమ్మి సర్వీస్ బిల్లులు అడగకుండా అడ్వాన్స్ ఇచ్చినవాళ్లుంటే, దయచేసి ఇవాళే అడగండి. బిల్లు లేకపోతే ఆ ఖర్చు ధరలో తగ్గించమనండి.

టైమింగ్ చైన్ (ఇంజన్ వాల్వులను వేళకి తెరిచి మూయించే గొలుసు) గురించి రాసింది మాత్రం మారదు. చైన్ ఉన్న ఇంజన్ అయితే చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించి, మొదటి క్షణాల్లో గలగల శబ్దం వస్తుందేమో వినండి; వస్తే చైన్ వదులైందేమోనని అనుమానించాలి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా తగిలితే ముందే స్టార్ట్ చేసి ఉంచారన్నమాట, మర్నాడు పొద్దున్నే వస్తామని చెప్పి వచ్చేయండి.